పాత అరేంజర్ కీబోర్డులు, నా ఎడమ చెయ్యి

పాట మధ్యలో బేస్ మాయమైపోవడం అంటే ఏమిటో పాత అరేంజర్ కీబోర్డు (ఎడమచేత్తో కార్డ్ పడితే డ్రమ్స్, బేస్, గిటార్ వెనక తనే వాయించే రకం) వాయించినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు మొదటిసారి అది స్టేజి మీదే జరిగింది. నెమ్మదిగా సాగే పాట. కుడిచేతికి పియానో, దాని మీద స్ట్రింగ్స్ కలిపి పెట్టుకున్నాను, కాలి కింద, తొక్కి ఉంచినంతసేపు స్వరాల్ని నిలిపే సస్టెయిన్ పెడల్ ఉంది. చరణం చివరికొచ్చేసరికి మనసు ఆగక పెడల్ వదలకుండా తొక్కిపట్టి, రెండు చేతులా నిండుగా కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టేశాను. బేస్ ఠక్కున ఆగిపోయింది. దాని వెంటే వెనక మోగుతున్న గిటార్ కూడా మధ్యమధ్యలో తెగిపోవడం మొదలుపెట్టింది. పాడుతున్నాయన తల తిప్పి నా వైపు చూశాడు. నేను వైరేదో ఊడిందనుకుని కంగారుగా వెనక్కి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. పెడల్ మీంచి కాలు తియ్యగానే బేస్ తిరిగొచ్చింది.

ఆ రాత్రి మాన్యువల్ తీసి చివరి పేజీ చూస్తే, గరిష్ఠ పాలిఫొనీ, అంటే ఒకేసారి మోగగల శబ్దాలు, 28 అని రాసుంది. అంతవరకూ ఆ అంకెని పట్టించుకున్నదే లేదు. కూర్చుని లెక్క వేశాను. డ్రమ్స్‌కి ఒక్కోసారి మూడు నాలుగు, బేస్‌కి ఒకటి, గిటార్‌కి నాలుగు, వెనక పరుచుకునే ప్యాడ్ శబ్దానికి ఇంకో నాలుగు, అక్కడికే పదమూడు అయిపోయాయి. కుడిచేత్తో నాలుగు మెట్లు నొక్కితే పియానో, స్ట్రింగ్స్ కలిసి ఎనిమిది. పెడల్ తొక్కి ఉంటే పాత ఎనిమిదీ పోవు, కొత్త ఎనిమిదీ వచ్చి కూర్చుంటాయి. ఇరవై ఎనిమిది దాటాక మిషన్ ఏదో ఒక దాని గొంతు నొక్కాలి, ఎక్కువసేపటి నుంచి మోగుతున్నదాన్నే ఎక్కువగా తీసేస్తుంది. నెమ్మది పాటలో అందరికంటే ఎక్కువసేపు నిలబడేది బేసే కదా.

ఇది లోపమే, కాదనను. పైగా కొన్ని టోన్లు (వాయిద్య శబ్దాలు) ఒక్క మెట్టుకే రెండు వాయిస్‌లు మింగేవి, అప్పుడు పేపర్ మీద ఉన్న 28 కాస్తా చేతిలోకొచ్చేసరికి పద్నాలుగు. కానీ ఆ రోజు నుంచి నా వాయింపు మారింది. బ్యాకింగ్‌లో ఇప్పటికే గిటార్ ఉంది కదా, మళ్ళీ కుడిచేత్తో అవే మూడు స్వరాలు ఎందుకు పట్టడం అని ఆలోచించడం మొదలైంది. రెండు స్వరాలతో సరిపెట్టడం, కార్డ్ మారిన ప్రతిసారీ పెడల్ వదిలి తొక్కడం, ప్యాడ్ అక్కర్లేని చోట దాన్ని ఆపేయడం, ఇవన్నీ ఆ 28 నేర్పినవే. తర్వాత 64, 128 పాలిఫొనీ ఉన్నవి కొన్నాను. అయినా ఈ అలవాట్లు పోలేదు, పోనివ్వలేదు కూడా.

నా మొదటి కీబోర్డు ఇంకా చిన్నది. మెట్లకి టచ్ లేదు. మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకటే శబ్దం. అందుకని చిన్న గొంతుతో వాయించాల్సిన చోట ఎడమచెయ్యి కార్డ్ పట్టి వదిలేసి, అదే చేత్తో వాల్యూమ్ స్లైడర్‌ని కిందకి జరిపి మళ్ళీ పరుగున కార్డ్ దగ్గరికి వచ్చేవాణ్ణి. అడుగున ఆరు పెద్ద బ్యాటరీలు పట్టేవి. అవి వేస్తే బరువు, తీసేస్తే దానికి జ్ఞాపకం ఉండదు. అడాప్టర్ ఊడి బ్యాటరీలు కూడా లేకపోతే మెమరీలో పెట్టుకున్న సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. అందుకే ప్రతి పాటకీ టోన్ నంబరు, స్టైల్ (వెనక మోగే బ్యాండ్ వరస) నంబరు, టెంపో ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. కొన్ని పేజీల్లో టెంపో అంకె కొట్టేసి పక్కన ఇంకోటి, దాన్నీ కొట్టేసి ఇంకోటి కనిపిస్తాయి. పాడేవాళ్ళు మారినప్పుడల్లా టెంపో మారింది మరి.

అప్పట్లో నాకు ఒక్క వేలితో కార్డ్స్ పట్టడమే తెలుసు. క్యాసియో పద్ధతి వేరు, యమహా పద్ధతి వేరు. క్యాసియోలో ఒక్క మెట్టు నొక్కితే మేజర్ రకం కార్డ్, దాని కుడిపక్కన ఇంకేదైనా ఒకటి కలిపితే మైనర్, మూడు నొక్కితే సెవెంత్, నాలుగైతే మైనర్ సెవెంత్. యమహాలో ఎడమపక్క నల్ల మెట్టు కలిపితే మైనర్, తెల్ల మెట్టు కలిపితే సెవెంత్, రెండూ కలిపితే మైనర్ సెవెంత్. ఒకదాని మీద నేర్చుకుని ఇంకోదాని మీద కూర్చుంటే ఎడమచెయ్యి దారి తప్పేది. దీంట్లో గొప్పతనం ఏమిటంటే, ఏమీ రాని పిల్లవాడికి కూడా పది నిమిషాల్లో బ్యాండ్ మొత్తం తన వేలు కదిపినట్టు కదులుతుంది. ఆ ఆనందం నేను మర్చిపోలేను. సింక్రో స్టార్ట్ (మెట్టు నొక్కగానే రిథమ్ మొదలయ్యే ఏర్పాటు) పెట్టి, గుండె దడదడలాడుతుండగా ఒక్క మెట్టు నొక్కితే డ్రమ్స్, బేస్, బ్రాస్ అన్నీ ఒక్కసారి లేచేవి.

నా ఒంటివేలి వ్యవహారం మాన్పించింది మాస్టారు. ఆయన హార్మోనియం నుంచి కీబోర్డుకి వచ్చినాయన. ఒకరోజు వెనక నిలబడి విని, "ఒరేయ్, అది వాయిస్తోంది సరే, నువ్వేం వాయిస్తున్నావురా?" అన్నారు. కార్డ్‌లోని స్వరాలన్నీ మనమే పట్టాల్సిన ఫింగర్డ్ మోడ్‌లోకి మార్చి, రిథమ్ ఆపేసి, రెండు నెలలు ఉత్త కార్డ్స్ పట్టించారు. సి నుంచి ఎఫ్‌కి వెళ్ళేటప్పుడు చెయ్యి మొత్తం ఎత్తకుండా, ఉమ్మడిగా ఉన్న సి మీద వేలు అలాగే ఉంచి మిగతా రెండూ జరపడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. అరేంజర్ కీబోర్డు మీద దీనికి ఇంకో లాభం కూడా ఉంది. చెయ్యి ఎత్తి దించే లోపు మూడు వేళ్ళూ ఒక్కసారి పడకపోతే, ముందు పడ్డ రెండింటిని చూసి పాత మిషన్లు వేరే కార్డ్ అనుకునేవి. అరక్షణం పాటు తప్పు కార్డ్‌లో బేస్ మోగి మళ్ళీ సర్దుకునేది. వినేవాళ్ళకి తెలిసేది కాదేమో, నాకు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది.

కార్డ్ గుర్తుపట్టడంలో అన్నిటికంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెప్తాను. సి మేజర్, తర్వాత అదే కార్డ్ కింద బి బేస్, ఆ తర్వాత ఎ మైనర్. సి, బి, ఎ అని బేస్ మెట్లు దిగినట్టు దిగాలి. పాటకి ప్రాణం ఆ దిగడంలోనే ఉంటుంది. పాత కీబోర్డు మీద మధ్యలో కింద బి, పైన సి-ఈ-జి పట్టారనుకోండి, దానికి కనిపించేది సి మేజర్ సెవెంత్. ఆ నాలుగు స్వరాలూ కలిస్తే అదేగా మరి. కాబట్టి బేస్ మళ్ళీ సి మీదే మోగి, అక్కణ్ణించి ఒక్కసారి ఎ మీదకి దూకుతుంది. దిగడం పోయి దూకడం వచ్చింది. తర్వాత వచ్చిన వాటిలో యమహా వాళ్ళు ఫింగర్డ్ ఆన్ బేస్ అని, కొర్గ్ వాళ్ళు బేస్ ఇన్వర్షన్ అని పెట్టి, అట్టడుగున ఉన్న స్వరాన్నే బేస్‌కి ఇచ్చే ఏర్పాటు చేశారు. అవి లేని రోజుల్లో నేను స్టైల్‌లో బేస్ పార్ట్ ఆపేసి, ఎడమచేతి వైపు బేస్ టోన్ పెట్టుకుని, చిటికెన వేలితో ఆ మూడు స్వరాలూ నేనే వాయించేవాణ్ణి. మిగతా వేళ్ళు కార్డ్ పట్టి ఉండాలి. మొదట్లో చెయ్యి తిమ్మిరెక్కేది.

అసలు ఈ స్టైల్స్ లోపల ఏం జరుగుతుందో తెలిశాక వాటి మీద గౌరవం పెరిగింది, వాటి తిప్పలూ అర్థమయ్యాయి. యమహా పద్ధతిలో స్టైల్ తయారుచేసేవాళ్ళు మామూలుగా అన్ని పార్టులూ సి మేజర్ సెవెంత్ మీద వాయించి రికార్డ్ చేస్తారు. మనం ఎఫ్ మైనర్ పట్టగానే మిషన్ ఆ స్వరాలన్నిటినీ జరిపి, మూడో స్వరాన్ని తగ్గించి, ఏడో స్వరాన్ని ఏం చెయ్యాలో తేల్చుకుని వాయిస్తుంది. ఇదంతా కార్డ్ మార్చిన క్షణంలో. పైకి జరిపీ జరిపీ ఒక హద్దు దాటితే, శబ్దం మరీ సన్నగా అయిపోకుండా ఒక స్థాయి కిందకి దించేస్తుంది. అందుకే పాత స్టైల్స్‌లో ఒక్క అరస్వరం పైకి వెళ్ళినా గిటార్ బిట్ కింద స్థాయిలో పడేది. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో శృతి మార్చి, తేలికైన కార్డ్స్‌లోనే వాయిస్తే కొన్నిసార్లు ఈ దూకుడు తప్పించుకోవచ్చు. శృతి మార్చడానికి కాదు, బిట్ పడిపోకుండా ఉండటానికి ట్రాన్స్‌పోజ్ వాడేవాళ్ళం.

గిటార్ ఎప్పుడూ బలహీనమే. ఆరు తీగల మీద చెయ్యి ఆడించినప్పుడు వచ్చే పొందిక వేరు. పాత స్టైల్స్‌లో గిటార్ టోన్‌తో పియానో కార్డ్ వాయించినట్టు ఉండేది, ఒక్కో దెబ్బా అచ్చు గుద్దినట్టు ఒకేలా. 2002లో వచ్చిన యమహా టైరోస్‌లో మెగా వాయిస్‌లు విన్నప్పుడు మాత్రం నోట మాట రాలేదు. మెట్టు నొక్కే వేగాన్ని బట్టి తీగ మీటిన శబ్దం, వేలు జారిన శబ్దం, తీగని ఆపేసిన శబ్దం వేరువేరుగా వచ్చేలా స్టైల్స్‌కోసం చేశారు వాటిని. గిటార్ విషయంలో పాతవి గొప్పవని నేనెప్పుడూ అనను. శాక్సాఫోన్ కూడా అంతే, పాతవాటిలో అది ముక్కుతో పాడినట్టు ఉండేది.

స్ట్రింగ్స్, ఎలక్ట్రిక్ పియానో, ఆర్గాన్ మాత్రం వేరే సంగతి. మెమరీ చిప్‌లు చిన్నవి కాబట్టి శబ్దం ముక్కని చాలా చిన్నగా కోసి లూప్ చేసేవారు, అంటే మళ్ళీమళ్ళీ తిప్పేవారు. దానివల్ల అసలు వాయిద్యంలా ఉండకపోయినా, మిగతా శబ్దాల మధ్య ఒద్దికగా సర్దుకునేది. 1993లో కొర్గ్ ఐ3 వచ్చినప్పుడు తేడా స్పష్టంగా వినపడింది. అప్పటిదాకా అరేంజర్ అంటే ఇంట్లో వాయించుకునే వస్తువు అని చిన్నచూపు ఉండేది, కొర్గ్ వాళ్ళు తమ వర్క్‌స్టేషన్ సింథసైజర్లలో వాడే ఏఐ స్క్వేర్ అనే శబ్ద తయారీ పద్ధతినే తెచ్చి ఇందులో పెట్టారు. దాని ప్యాడ్‌లు హాల్లో విన్నవాణ్ణి నేను. గాయకుడి గొంతు మీదకి రాకుండా వెనక పరుచుకునేవి.

ఈ వాయిద్యాల వెనక కథ నాకు భలే ఇష్టం. 1959లో వుర్లిట్జర్ సైడ్‌మ్యాన్ అని ఒక రిథమ్ పెట్టె వచ్చింది, లోపల మోటారుతో తిరిగే చక్రం, దాని మీద కాంటాక్టులు. 1967లో ఏస్ టోన్ రిథమ్ ఏస్ ఎఫ్ఆర్-1లో పదహారు రిథమ్‌లు బటన్ల మీద. అది చేసిన ఇకుతారో కాకెహాషి గారే 1972లో రోలండ్ పెట్టారు, ఆ రోలండ్ నుంచే 1988లో ఈ-20 అరేంజర్ వచ్చింది. ఆర్గాన్ వాయించే మనిషికి తోడుగా ఒక డ్రమ్మర్ కావాలన్న చిన్న కోరిక నుంచి ఇంత దూరం. ఇంకో ముచ్చట చెప్పాలి. 1981 నాటి క్యాసియో ఎంటీ-40 అనే బుల్లి కీబోర్డులో రాక్ అనే రిథమ్ ఉండేది. దాన్ని తయారుచేసింది ఓకుడా హిరోకో, అప్పుడే సంగీత కాలేజీ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన అమ్మాయి. 1985లో జమైకాలో ఆ రిథమ్ మీదే ఒక పాట కట్టారు, ఆ తర్వాత రెగె సంగీతం దారే మారిపోయింది. ఇంట్లో పిల్లలు నొక్కుకునే బటన్ వెనక ఒక మనిషి కూర్చుని ఆ బేస్ లైన్ ఆలోచించింది అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పాతవాటిలో నాకు అన్నిటికంటే బాగా నచ్చేది ప్యానెల్. ప్రతి పనికీ ఒక బటన్. ఫిల్ (భాగాల మధ్య వచ్చే డ్రమ్ బిట్), ఇంట్రో, ఎండింగ్, టెంపో, అన్నీ ఎప్పుడూ ఉన్నచోటే. స్టేజి మీద లైట్లు తీసేసినా వేళ్ళకి తెలుసు. నా రెండో కీబోర్డులో ఫిల్ బటన్ అంచు అరిగి నున్నగా అయిపోయింది, చూడకుండానే వేలు అక్కడికి పోయేది. చాలావాటిలో వేరియేషన్లు (ఒకే స్టైల్‌కి మారురూపాలు) రెండే, ఎ, బి. పల్లవికి ఎ, చరణానికి బి, మధ్యలో ఫిల్. ఇంత తక్కువ ఉన్నా, ఎప్పుడు దేనిలోకి వెళ్ళాలో ముందే మనసులో ఉండేది. టెక్నిక్స్ కేఎన్ వరసలో స్క్రీన్ పెద్దదైనా దాని రెండు పక్కలా బటన్లు ఉంచారు, ఆ ఆలోచన నాకు చాలా నచ్చేది. 2002 నాటి కేఎన్7000 తర్వాత ఆ వరసే ఆగిపోవడం ఇప్పటికీ వెలితిగా ఉంటుంది.

మా మేనల్లుడి దగ్గర ఇప్పుడు టచ్ స్క్రీన్ ఉన్న కొత్త కీబోర్డు ఉంది. కార్డ్ లూపర్‌లో కార్డ్స్ వరస ఒకసారి ఎక్కించుకుంటాడు, ఇక ఎడమచెయ్యి ఖాళీ. "మామయ్యా, రెండు చేతులా పియానో వాయించొచ్చు చూడు" అన్నాడు. నిజమే, అద్భుతంగా వాయిస్తాడు కూడా. కానీ పాడేవాళ్ళు ఒక వాక్యాన్ని ఇంకోసారి తిప్పి పాడితే ఆ వరస ఆగదు, వెళ్ళిపోతుంది. అప్పుడు వాడికి టెన్షన్. ఎడమచేత్తో పట్టేవాడు అదే కార్డ్ మీద ఇంకో బార్ ఉండిపోతాడు, అంతే. వాడికిదే చెప్పాను, "లూపర్ వాడుకో నాన్నా, కానీ చెయ్యి మాత్రం మెట్ల దగ్గరే ఉంచు" అని.

ఇక స్టైల్స్, సెట్టింగులు దాచుకునే ఫ్లాపీలు. మూడున్నర అంగుళాల డిస్కు, 720 కేబీ లేదా 1.44 ఎంబీ. ఇప్పుడు ఒక ఫొటో కూడా పట్టదు అందులో, అప్పుడు మాత్రం ఒక సాయంత్రం కార్యక్రమం మొత్తం పట్టేది. లోడ్ అవుతున్నప్పుడు గర్ గర్ మంటూ వచ్చే శబ్దం ఎంతసేపో నాకు బాగా తెలుసు, ఆ కాసేపూ పక్కవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడుతూ గడిపేవారు. ఒకసారి మొదటి పాటకి ముందే డిస్కు చదవనని మొరాయించింది. ముందు రోజు దాన్ని స్పీకర్ మీద పెట్టి మర్చిపోయాను, ఆ అయస్కాంతం పని పట్టింది. ఆ సాయంత్రం అంతా లోపలున్న మామూలు స్టైల్స్‌తోనే, నోటుబుక్కులోని అంకెలు చూసుకుంటూ నెట్టుకొచ్చాను. అప్పట్నించీ ప్రతి డిస్కుకీ రెండు కాపీలు, మూలనున్న చిన్న ట్యాబ్ జరిపి రైట్ ప్రొటెక్ట్ చేసి, వేరువేరు సంచుల్లో.

వయసు మీదపడ్డాక ఇవి పెట్టే బాధలు కూడా నాకు కంఠతా వచ్చు. మెట్ల కింద నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది, టచ్ ఉన్నవాటిలో ఒక్కో మెట్టుకీ రెండు కాంటాక్టులు. ముందు ఒకటి తగులుతుంది, వెంటనే రెండోది, మధ్యలో ఎంత సమయం పట్టిందో చూసి మనం ఎంత గట్టిగా కొట్టామో లెక్క కడుతుంది. దుమ్ము చేరితే ఆ లెక్క తప్పి, మెల్లగా నొక్కిన మెట్టు కేక పెడుతుంది, లేదా అసలు పలకదు. నా దాంట్లో మధ్య స్థాయి జి అలా అయింది. స్క్రూలన్నీ విప్పి, రబ్బరు పట్టీ జాగ్రత్తగా లేపి, ఇయర్ బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది కింద ఉన్న నల్లటి చుక్కల్ని తుడిచాను. బడ్ బూడిదరంగు అయింది. మళ్ళీ బిగించి నొక్కితే జి మెత్తగా, నేను అడిగినంత మాత్రమే పలికింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో. కొన్ని ఫ్లాపీ డ్రైవ్‌లలో చిన్న రబ్బరు బెల్టు ఉంటుంది, అది ఏళ్ళ తరబడి ఉండి జిగురులా కరిగిపోతుంది. కొన్నిటిలో స్క్రీన్ వెనక లైటు మసకబారి, పక్కనుంచి వంగి చూస్తే తప్ప అక్షరం కనపడదు.

నా దాని డ్రైవ్ స్థానంలో ఫ్లాపీ ఎమ్యులేటర్ (ఫ్లాపీకి బదులు పెన్‌డ్రైవ్ పెట్టుకునే పరికరం) పెట్టించమని చాలామంది చెప్పారు. పెన్‌డ్రైవ్‌లోనే వందల డిస్కులు పడతాయి, బెల్టు గొడవ ఉండదు, ఇదంతా నిజం. పెట్టిస్తాను కూడా. కాకపోతే ముందు పాత డిస్కుల్లో ఉన్నవన్నీ కాపీ చేసుకోవాలి, అందుకు పాత డ్రైవే దిక్కు. నెల రోజులుగా ఆ పని మీదే ఉన్నాను. పద్నాలుగు డిస్కుల్లో పదమూడు వచ్చాయి. పదకొండో నంబరుది మాత్రం సగం దాకా చదివి ఆగిపోతోంది. అందులో మాస్టారి పక్కన కూర్చుని చేసిన స్టైల్ ఉంది, బేస్ పార్ట్ ఖాళీగా వదిలేసి ఉంటుంది దాంట్లో, అది నేను చిటికెన వేలితో వాయించాలి కాబట్టి. లేబుల్ మీద ఆయన చేతిరాతే. డ్రైవ్ హెడ్ ఇంకోసారి తుడిచి ఆదివారం మళ్ళీ పెట్టి చూస్తాను.